ఆ పేపర్‌ని తిట్టేవాళ్ళే ముందు దాన్ని తీస్తారు

మా కావలి వైపు ఎవరినైనా అడగండి, వారానికో పదిరోజులకో ఓసారి నాలుగు పేజీలతో వచ్చే ఆ చిన్న పేపర్ల గురించి ఒక్కరు కూడా మంచి మాట చెప్పరు. డబ్బులిస్తే పొగుడుతుంది, ఇవ్వకపోతే ఏకిపారేస్తుంది, అదీ ఒక పేపరేనా అంటారు. కానీ ట్రంకురోడ్డులో టీ అంగడి బల్ల మీద అది పడిందంటే చాలు, పెద్ద పేపర్లు పక్కకు పోతాయి. జనానికి బుద్ధి లేక చదువుతున్నారు, గాసిప్ పిచ్చి అంతే, అని చదువుకున్నవాళ్ళు కొట్టిపారేస్తుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను.

అసలు వాళ్ళు ఎట్లా చదువుతారో దగ్గర కూర్చుని చూడాలి. ఆ వార్తల్లో పేరు ఉండదు. "పట్టణానికి చెందిన ఓ ప్రముఖ నాయకుడి ముఖ్య అనుచరుడు కాలువ పోరంబోకులో ప్రహరీ కట్టి లక్షలు దండుకుంటున్నా సదరు అధికారి నిద్రపోతున్నారు" అని ఉంటుంది. ఒకాయన పైకి చదువుతాడు, ఇంకొకాయన "ఏందన్నా, ఇది ఆ వార్డు ఆయన సంగతేనా?" అంటాడు. "కాదబ్బా, ఆయనకు కాలువ పక్కన స్థలం యాడుంది? ఇది ఇంకొకాయన" అని మూడో మనిషి అందుకుంటాడు. ఆ వీధిలోనే ఇల్లున్న వాడొకడు ఉండనే ఉంటాడు, "గోడ కట్టింది నిజమే, నేను రోజూ చూస్తున్నా, లక్షల సంగతి మాత్రం వీడు కలిపిందే" అని తేల్చేస్తాడు. టీ అయిపోయేలోపు ఏది నిజం, ఏది మసాలా, ఎవరు ఎవరి మీద రాయించారు అన్నదాకా వెళ్తుంది వ్యవహారం. దీన్ని నమ్మడం అంటారా? నా లెక్కలో ఇది పరీక్ష పెట్టడం. రూపాయిలో పావలా నిజం ఉంటుందని వాళ్ళకు తెలుసు, ఆ పావలా ఇంకెక్కడా దొరకదని కూడా తెలుసు.

దొరకకపోవడమే అసలు సంగతి. పెద్ద పేపర్లు మన గురించి రాయని కాలం ఒకటుండేది, హత్యో బస్సు బోల్తానో మంత్రి పర్యటనో అయితే తప్ప పల్లె పేరు పేపర్లో పడేది కాదు. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న సైజు అనుబంధం మొదలుపెట్టాక లెక్క మారింది, తర్వాత మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు సారా అంగడి మూయించినప్పుడు ఆ కబురు ఊరు నుంచి ఊరికి పోవడంలో జిల్లా పేజీలకు పెద్ద పాత్రే ఉంది. పక్క ఊళ్ళో ఆడవాళ్ళు చేశారంట, మనమెందుకు చెయ్యలేం అనే ధైర్యం చదివి తెచ్చుకున్నారు, చదవడం రానివాళ్ళు చదివించుకుని తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది, 1993లో, రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మన ఊరి పేరు అచ్చులో కనబడితే మనిషిలో ఏం కదులుతుందో నెల్లూరు జిల్లా వాళ్ళకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అదే జిల్లా పేజీలు తీసి చూడండి. నాయకుల పుట్టినరోజు ప్రకటనలు, ఆఫీసుల ప్రెస్ నోట్లు, ఫలానా వారు ఫలానా వారిని మర్యాదపూర్వకంగా కలిశారనే ఫోటోలు. మా వీధి మంచినీళ్ళ పైపు ఎందుకు ఆగిందో, దాని బిల్లు ఎవరికి పోయిందో ఉండదు. 2022లో కందుకూరును ఒంగోలు వైపు ప్రకాశం జిల్లా నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు అక్కడ మా పిన్నమ్మ వాళ్ళింట్లో ఆఫీసులు ఎక్కడికి పోతాయి అన్నంత గట్టిగానే, ఇక పేపర్లో ఒంగోలు వార్తలు రావా అన్న చర్చ కూడా జరిగింది. అంత ఆశగా ఎదురుచూసే పాఠకుడికి విషయం పెట్టకపోతే వాడు నాలుగు పేజీల పేపర్ దగ్గరికే పోతాడు.

ఇంగ్లండ్‌లోనూ ఇదే కనిపిస్తుంది నాకు. న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే ఆదివారం పేపర్ 1843లో మొదలైంది, చెడ్డపేరు ఎంతున్నా లక్షల మంది కొన్నారు, చివరికి హత్యకు గురైన ఒక బాలిక ఫోన్ మెసేజీలు కూడా దొంగతనంగా విన్నారని బయటపడ్డాక 2011 జులైలో మూతపడింది. సన్ అనే ఇంకో పేపర్ అయితే ఇంకా నడుస్తోంది. కానీ లివర్‌పూల్‌లో చాలామంది దాన్ని ముట్టరు. 1989లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో తొక్కిడికి జనం చనిపోతే, చనిపోయినవాళ్ళ జేబులు తోటి అభిమానులే కొట్టేశారని మొదటి పేజీలో "నిజం" అనే శీర్షిక పెద్దక్షరాలతో పెట్టి వేసింది ఆ పేపర్. అది అబద్ధమని ఆ ఊరికి తెలుసు, తమ పిల్లలు, తమ పక్కింటివాళ్ళు చనిపోయారు మరి. ఇన్నేళ్ళయినా క్షమించలేదు. పాఠకుడికి నిజం తెలుసుకునే వీలుంటే శిక్ష వేయడం కూడా తెలుసు.

నాకు కోపం తెప్పించేది ఆ వీలు లేని వార్తలు. "ప్రియుడితో వివాహిత పరార్". కాలువ గోడ సంగతి తేల్చినంత సులువుగా ఆ అమ్మాయి సంగతి ఎవరూ తేల్చరు, మొగుడు కొడితే పుట్టింటికి పోయిందేమో, హైదరాబాద్‌లో పని వెతుక్కుందేమో, అడిగేవాడెవడు? పేరు వేయకపోయినా ఊరు, వయసు, మొగుడు చేసే పని వేస్తారు, మా ఊళ్ళలో గుర్తుపట్టడానికి అవి చాలు. అక్కడ టీ అంగడి పరీక్ష పనిచేయదు, నవ్వులు మాత్రమే మిగులుతాయి. చదివేవాళ్ళ తరఫున ఎంత వాదించినా ఈ ఒక్కదానికి నా దగ్గర సమర్థన లేదు, ఆ నవ్వే మనుషులతో అక్కడికక్కడే గొడవపడతాను.

ఇప్పుడు అంగట్లో పేపర్ తగ్గి వాట్సాప్ గ్రూపుల్లో క్లిప్పింగులు తిరుగుతున్నాయి. ఎప్పుడూ వినని పేపర్ పేరు పైన ఉంటుంది, కింద ఒకే ఒక వార్త, మిగతా పేజీ ఉందో లేదో కూడా తెలీదు. పాత చిన్న పేపర్‌కు ఎంత చెడ్డపేరున్నా చివరి పేజీ అడుగున సంపాదకుడి పేరు, అచ్చువేసిన ప్రెస్ పేరు, ఊరి పేరు ఉండాల్సిందే, అచ్చువేసినవాళ్ళ పేరు, ఊరి పేరు వేయాలన్నది 1867 నాటి చట్టం నుంచీ ఉన్న నియమం. కడుపుమండిన వాడు నేరుగా ఆఫీసుకు పోయి "ఎవడ్రా రాసింది" అని అడిగేవాడు, కోర్టుకైనా పోగలిగేవాడు. ఈ క్లిప్పింగ్ పంపినవాణ్ణి అడిగితే "నాకూ ఎవరో ఫార్వార్డ్ చేశారన్నా" అంటాడు, వాడికి పంపినవాడూ అదే అంటాడు.