‘తటస్థం అంటే ఏంది మేడం?’: పోచంపల్లిలో నా పీహెచ్‌డీ సర్వే

పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఫారం గురించే. కోర్స్‌వర్క్, సెమినార్లు, సంతకాల కోసం తిరగడం అందరికీ ఉండేవే, ఎట్లాగో గట్టెక్కుతారు. నన్ను ఏడాదిన్నర తిప్పలు పెట్టింది మాత్రం నాలుగు పేజీల ప్రశ్నావళి.

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. 2019లో పార్ట్‌టైమ్‌గా రిజిస్టర్ అయ్యాను. పోచంపల్లికి వచ్చే పర్యాటకులు చేనేత ఏం చూసి కొంటారు, ఏం చూసి మానేస్తారు అన్నది నా అంశం. జిల్లాలు విడిపోయాక 2016లో పోచంపల్లి యాదాద్రి భువనగిరిలోకి పోయింది. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ ‘మన నల్లగొండ పోచంపల్లి’ అనే అంటారు.

రిజిస్టర్ అయిన కొన్నాళ్ళకే కరోనా వచ్చిపడింది. కొనేవాళ్ళు లేక చీరలు నేతన్నల ఇళ్ళలోనే పేరుకుపోయిన రోజులవి. అప్పుడు పోయి ‘పర్యాటకుల సంతృప్తి’ గురించి ఎవరిని అడుగుతాం? ఇంట్లో కూర్చుని పాత పరిశోధనలు చదివాను. 2021 నవంబర్‌లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఆ రోజు మా గైడ్ సార్ ఫోన్ చేసి, "ఇంక నీ టాపిక్‌కు తిరుగులేదమ్మా" అన్నారు. నాకేమో ఆ సంతోషంలోనే ఒక దిగులు పట్టుకుంది. అవార్డు తర్వాత ఏమైందో చెప్పాలంటే అవార్డుకు ముందు లెక్క చేతిలో ఉండాలి. నా దగ్గర అది లేదు. చివరికి వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఆ ప్రశ్నే వచ్చింది కూడా.

ఫారం తయారీ చాలా పద్ధతిగా చేశాననే అనుకున్నాను. మనస్తత్వవేత్త ఐజెన్ 1991లో రాసిన ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతం తీసుకున్నాను. మనిషి అభిప్రాయం, చుట్టూ ఉన్నవాళ్ళ ఒత్తిడి, తన చేతిలో ఎంత ఉందన్న నమ్మకం, ఈ మూడూ కలిసి ఉద్దేశం అవుతాయి, ఉద్దేశం పని అవుతుంది అంటుందది. ఒక్కో వాక్యం కింద లైకర్ట్ స్కేలు, అంటే ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ దాకా ఐదు గళ్ళు, మధ్యది ‘తటస్థం’. మా కాలేజీ తెలుగు సార్ దాన్ని తెలుగు చేశారు. ఇంగ్లిష్ మేడం ఆ తెలుగును చూసి మళ్ళీ ఇంగ్లిష్ చేశారు. రెండు ఇంగ్లిష్‌లూ అచ్చు గుద్దినట్టు కలిశాయి. అందరం మురిసిపోయాం. అందులో ‘కొనుగోలు సంకల్పం’ అనే మాట ఉందని, ఆ మాట నోటితో అనే మనిషి భూమ్మీద ఎక్కడా ఉండడని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

మొదటి ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కి, చౌటుప్పల్‌లో దిగి, అక్కడినుంచి ఆటోలో పోచంపల్లి చేరాను. సంచిలో ముప్పై ఫారాలు, పది పెన్నులు. మొదట దొరికింది హైదరాబాద్ నుంచి కొడుకు కారులో వచ్చిన ఒక పెద్దామె. మూడో ప్రశ్న దగ్గర ఆగింది.

"తటస్థం అంటే ఏంది మేడం?"

"అటూ ఇటూ కాకుండా ఉండటం అమ్మా."

"గట్లెందుకుంటం? నచ్చితే నచ్చిందంటం, లేకుంటే లేదంటం."

తర్వాత వరసగా అన్నిటికీ ‘పూర్తిగా అంగీకరిస్తాను’ మీద టిక్కు పెట్టేసింది. ‘చేనేత చీరకు ఇంత ధర న్యాయమే’ అన్నదానికీ అదే, ‘చేనేత చీరకు ఇంత పెట్టడం దండగ’ అన్నదానికీ అదే. రెండూ ఎట్లా కుదురుతాయమ్మా అని అడిగితే నవ్వింది. "ఎండల నిలబడి అడుగుతున్నవ్ బిడ్డా. కాదంటే నీకు బాధయితది గదా."

ఆమె మాట అప్పుడు నవ్వులాటగా తీసుకున్నాను. ఆ ముప్పై ఫారాలూ కంప్యూటర్‌లో ఎక్కించాక నవ్వు పోయింది. ఒకే విషయం మీద అడిగిన ప్రశ్నలకు జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా చూసే లెక్క ఉంటుంది, క్రాన్‌బాక్ ఆల్ఫా అంటారు. అది 0.7 దాటాలంటారు. నాకు అందులో సగం కూడా రాలేదు. రెండు రోజులు నిద్ర లేదు. స్టాటిస్టిక్స్ చెప్పే తోటి లెక్చరర్ చూసి సగం తప్పు నాదేనని తేల్చాడు. ‘దండగ’ లాంటి వ్యతిరేక వాక్యాలకు మార్కులు తిరగేసి వేయాలి, 5ను 1గా, 4ను 2గా. నేను ఆ పనే మరిచిపోయాను. తిరగేస్తే ఆల్ఫా పెరిగింది, అయినా చాలినంత కాదు. మిగతా సగం ఆ పెద్దామె చెప్పినదే. ఎదుటి మనిషిని నొప్పించడం ఇష్టం లేక జనం ‘అవును’ అంటారు. పుస్తకాల్లో దీనికి పెద్ద పేరే ఉంది, చదివాను కూడా. చదవడం వేరు, ఎండలో నిలబడి చూడటం వేరు.

ఫారం మొత్తం తిరగరాశాను. ‘కొనుగోలు సంకల్పం’ పోయి ‘మళ్ళీ వస్తే ఇక్కడ కొంటారా?’ అయింది. నెల ఆదాయం ప్రశ్న మొదటి పేజీలో ఉండేది. అది చూడగానే, అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడినవాళ్ళు కూడా ‘ఏ ఆఫీసు నుంచి వచ్చిండ్రు?’ అని అడిగేవాళ్ళు. దాన్ని చివరికి పంపి, అంకె కాకుండా ‘ఇంతనుంచి ఇంతదాకా’ అని గళ్ళు పెట్టాను.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఫారం ఆమెకిస్తే పెన్ను ఆయన తీసుకుంటాడు. "ఇటియ్యి, నేను రాస్తా" అని భర్తలు అన్నీ నింపేసేవాళ్ళు. మరి చీర ఎంచింది ఆమె, ధర దగ్గర బేరమాడింది అత్తగారు, ఫోన్ తీసి స్కాన్ చేసింది ఆయన. ఇందులో ‘వినియోగదారుడు’ ఎవరు? నా థీసిస్‌లో ఆ అధ్యాయం బాగుందని పరీక్షకులు అన్నారు. బాగుంటుంది మరి, అందులో ప్రతి పేజీకీ ఒక ఆదివారం పోయింది.

ఇదంతా చేశాక కూడా జవాబుల్లో ఒక మాట మారలేదు. ‘అసలు చేనేతే కొంటాం’ అని దాదాపు అందరూ అన్నారు. ఒక దుకాణం ఆయన దయతలిచి మూలన స్టూలు వేయించాడు. అక్కడ కూర్చుని ఎవరేం తీసుకుపోతున్నారో చూస్తే సంగతి వేరే. చాలా సంచుల్లోకి పోతున్నది ఇక్కత్ డిజైన్ అచ్చు వేసిన గుడ్డ.

తేడా నాకూ తెలిసేది కాదు. ఒక పెద్దాయన నేర్పించాడు, యాభై ఏళ్ళుగా గుంట మగ్గం మీద ఉన్న మనిషి. "తిరగేసి చూడు బిడ్డా" అన్నాడు. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు పడుతుంది. ఆసు పోసి, అంటే నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి, డిజైన్ ప్రకారం సైకిల్ ట్యూబు పీలికలతో కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మళ్ళీ కట్టి, ఆ తర్వాత నేత. అందుకే రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసిన గుడ్డలో అంచు గీత గీసినట్టు ఉంటుంది, వెనక పక్క వెలిసినట్టు ఉంటుంది. ఒక చీరకు ఆసు పోయడానికే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి, అదీ ఎక్కువగా ఆడవాళ్ళ చెయ్యే. ఆలేరు పక్క ఊరి చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నది ఈ పని మీదే. యంత్రం వచ్చాక ఆ నొప్పి తగ్గింది కానీ చీర ధర అచ్చు గుడ్డ ధరకు దిగదు కదా.

మరి జనం అబద్ధం చెబుతున్నారా? నేనూ అట్లాగే రాసుకున్నాను, ‘చెప్పేదానికీ చేసేదానికీ మధ్య అంతరం’ అని. ఆ రాత తప్పని ఒకామె చూపించింది. మంచి పట్టుచీర ఒకటి, అచ్చువి ఎనిమిది తీసుకుంది. ఉండబట్టలేక అడిగాను. "అది నాకు. ఇవి పెట్టుబడి చీరలు" అంది. ఇంట్లో పెళ్ళి, చుట్టాలకు పెట్టాలి.

నా ఫారంలో నలభై రెండు ప్రశ్నలున్నాయి. ‘ఎవరికోసం కొంటున్నారు?’ అన్న ప్రశ్న లేదు. ఆ ఒక్క ప్రశ్న లేక ఒకే మనిషి నా లెక్కలో రెండు నాల్కల మనిషి అయిపోయింది. సాయంత్రం సార్‌కు ఫోన్ చేసి పెట్టుబడి చీరల గురించి కొత్త విభాగం కావాలన్నాను. ఆయన ఉత్సాహంగా, "ఓ, చీరల మీద ఇన్వెస్ట్‌మెంటా? బాగుంటుంది" అన్నారు. పాపం, ఆయన అర్థం చేసుకోవడానికి వాళ్ళింట్లో మేడం లైన్‌లోకి రావాల్సి వచ్చింది.

అదే ఫోన్‌లో సార్ ఇంకో మాట అన్నారు. "దుకాణం గుమ్మం దగ్గర నిలబడితే కొన్నవాళ్ళే దొరుకుతారమ్మా. కొనకుండా పోయినవాళ్ళ సంగతి?" నిజమే. తర్వాతి వారం నుంచి వినోబా మందిరం దగ్గర, కార్లు ఆగేచోట నిలబడ్డాను. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి భూమిలేనివాళ్ళకు వంద ఎకరాలు ఇస్తానన్నది ఈ ఊళ్ళోనే, భూదానోద్యమం మొదలైంది ఇక్కడే, ఊరి పేరు ముందు భూదాన్ చేరిందీ అందుకే. చీరల కోసం వచ్చినవాళ్ళలో చాలామంది అటు తొంగి కూడా చూడరు. 2022 మార్చి 28న యాదగిరిగుట్ట ఆలయం తిరిగి తెరిచాక, దర్శనం చేసుకుని వెళ్తూ ఆగే కుటుంబాలు కూడా నాకు తగిలాయి. చేతిలో ప్రసాదం, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు. ‘ఎందుకు కొనలేదు’ అంటే వాళ్ళ జవాబు ధర కాదు, ‘టైం లేదు’.

384 ఫారాలు పూర్తి చేశాను. ఈ అంకె మేనేజ్‌మెంట్ థీసిస్‌లు చదివినవాళ్ళకు చుట్టంలాంటిది. ఎంతమందిని అడిగితే చాలో చెప్పే సూత్రం ఒకటి ఉంది: 1.96 వర్గాన్ని 0.5తో రెండుసార్లు గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384 చిల్లర వస్తుంది. అందరూ రాస్తారని నేనూ రాశాను.

పేపర్ సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నా రిజిస్ట్రేషన్ పాత నిబంధనల కింద, కాబట్టి థీసిస్ ఇచ్చేలోపు ఒక పేపర్ అచ్చు కావాలి. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు, నాకు అందలేదు. ‘ఐదు రోజుల్లో ప్రచురణ’ అని ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. మూడు వేలు కట్టాను. నాలుగో రోజే ఒక్క కామా మార్చకుండా అచ్చయింది. అప్పుడే అనుమానం రావాలి. అది వేరే పత్రిక పేరు, నంబరు వాడుకుని నడుపుతున్న నకిలీ సైటని తర్వాత తెలిసింది. అసలు చేనేత, అచ్చు గుడ్డ తేడా మీద పరిశోధన చేస్తూ నకిలీ పత్రికలో పడ్డాను. పెద్దాయనకు చెబితే, "తిరగేసి చూడలేదా బిడ్డా?" అన్నాడు. ఆ పేపర్ వదిలేసి ఇంకోటి రాసి, సరైన పత్రికకు పంపి, జవాబు కోసం ఎనిమిది నెలలు ఆగాను.

వైవా గంటలోపే అయింది. అవార్డు వల్ల పర్యాటకులు పెరిగారా అంటే, ముందు లెక్క లేదు కాబట్టి చెప్పలేనన్నాను. అది ఒప్పుకున్నారు. తర్వాత, "384 ఎందుకు?" అన్నారు. నేను సూత్రం అప్పజెప్పాను. "ఆ సూత్రం యాదృచ్ఛికంగా ఎంచిన నమూనాకు కదా. మీరు దొరికినవాళ్ళను అడిగారు కదా?" అన్నారు పరీక్షకులు. నా దగ్గర జవాబు లేదు. పరిమితుల అధ్యాయంలో రెండు పేజీలు కలిపి, ఐదు కాపీలు మళ్ళీ బైండింగ్ చేయించాను.

మొన్న వైశాఖంలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి. పెట్టుబడి చీరలు తెచ్చే పని నాకు అప్పజెప్పారు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఎప్పుడూ వెళ్ళే దుకాణానికే వెళ్ళాను. ఆయన ఇక్కత్ డిజైన్లు పరుస్తూ, "మీరు పోచంపల్లి మీదనే డాక్టరేట్ చేసిండ్రు గద మేడం, అసలువి చూపియ్యాల్నా?" అన్నాడు. ధర అడిగాను. చెప్పాడు. పన్నెండు కావాలి నాకు.

పన్నెండూ అచ్చువే తీసుకున్నాను. ఒక్కటి కూడా తిరగేసి చూడలేదు.