సోఫాలో ఇంకిన మూత్రపు వాసనను వదిలించిన తీరు

బరంపురంలో సోఫాలు, పరుపులు శుభ్రం చేయడం నా వృత్తి. జబ్బుపడి కోలుకుంటున్న పెద్దాయన రోజూ కూర్చునే సోఫా నుంచి వాసన పోవడం లేదని, ముసురు పట్టిన రోజున ఆ గదిలో కూర్చోలేకపోతున్నామని ఆయన కోడలు శ్రావణంలో కబురు చేశారు. అప్పటికే ఫినాయిల్‌తో తుడిచారు, అత్తరు చల్లారు, ఎండ కాసినప్పుడు వాకిట్లోనూ పెట్టారు. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొడితే అమోనియా పుడుతుంది. యూరిక్ ఆమ్లం మాత్రం నీటిలో సరిగా కరగని స్ఫటికాలుగా స్పాంజిలో మిగిలి, తేమ తగిలినప్పుడల్లా వాసనను రేపుతుంది. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే మా ఊళ్లో వానాకాలమంతా ఆ తేమకు కొదవ లేదు.

గది చీకటి చేసి అతినీలలోహిత టార్చి వేస్తే, గుడ్డ మీద మరక అరచేయంతే మెరిసింది. సోఫాను బోర్లించి అడుగున కొట్టిన నల్లగుడ్డను ఊడదీస్తే, పసుపు చారలు స్పాంజి కింది పట్టీల దాకా దిగి, చెక్క చట్రం ఒక మూల నల్లబడి ఉంది. పైపైన షాంపూ పట్టించే పని నిలవనిది ఇందుకే.

"వేడి ఆవిరి పట్టిస్తే పోదా, బాబూ?" అని ఆవిడ అడిగారు. "వద్దమ్మా, వేడికి మరక ఇంకా గట్టిపడుతుంది" అన్నాను. బ్లీచింగ్ కూడా వద్దన్నాను. అది అమోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమైన్ వాయువులు వెలువడతాయి. ఇంకిన మూత్రపు మురికిని విడగొట్టడానికి నేను వాడేది ఎంజైము ద్రావణం. ఫినాయిల్ మిగిలి ఉంటే ఆ ఎంజైము సరిగా పనిచేయదు కనుక, ముందుగా చన్నీటితో తడిపి, తడి లాగే వాక్యూమ్‌తో పీల్చేశాను. కనపడని చోట గుడ్డ రంగు దిగడం లేదని చూసుకున్నాక, ఎంజైము ద్రావణం మూత్రం దిగినంత లోతుకూ ఇంకేలా పోసి, ఆరిపోకుండా పాలిథిన్ కప్పి రాత్రంతా ఉంచాను.

మర్నాడు ఆ తడిని కూడా పీల్చేశాక మిగిలింది ఆరబెట్టడం. వానాకాలంలో అసలు కష్టం అదే. సోఫాను నిలబెట్టి, అడుగు తెరిచే ఉంచి, రెండు వైపులా ఫ్యాన్లు పెట్టించాను. స్పాంజిలోకి వేలు గుచ్చితే చల్లగా తగిలినంతకాలం వాటిని ఆపనివ్వలేదు. చెక్క పూర్తిగా ఆరాక గరుకు కాగితంతో రుద్ది, లోపలి వాసన బయటికి రాకుండా లక్క పాలిష్ పూశాను. నల్లగుడ్డను మాత్రం మరో ముసురు గడిచి, వాసన రాలేదని ఆవిడ చెప్పాకే తిరిగి కొట్టాను.