గది మెస్‌లో లెక్క తేడా రాకుండా

ఒడిశాలోని పర్లాకిమిడిలో కాలేజీకి వచ్చే తెలుగు, ఒడియా పిల్లలు ఇల్లు అద్దెకి తీసుకుని కలిసి వంట పెట్టుకుంటే, స్నేహాలు చెడేది కూర బాగోలేక కాదు, నెలాఖరు లెక్క దగ్గర.

అద్దె, వంటమనిషి జీతం తలకింత అని సమానంగా వేయండి. సరుకులు, గ్యాస్ మాత్రం పూటల మీద పంచండి. రెండూ కలిపేస్తే, అందరూ దసరాకి ఊరెళ్లిన నెలలో మిగిలిన ఇద్దరి నెత్తిన జీతం పడుతుంది.

పదిమందికి రోజుకి రెండు పూటలు, నెలకి 600. ఊరెళ్లినవి పోను 540 అనుకోండి. సరుకులు, గ్యాస్ ఖర్చు 16,200 అయితే పూటకి 30 రూపాయలు. 48 పూటలు తిన్నవాడి వంతు 1,440. చుట్టం తిన్న పూట పిలిచినవాడి ఖాతాలోకే. 'రేపు తినను' అన్నది ముందురాత్రే గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టాలి. పొద్దున్న చెప్పేసరికి బియ్యం ఎసట్లో పడిపోతాయి. మనిషికి పూటకి 150 గ్రాముల లెక్కన నెలకి 81 కిలోలు, అంటే పాతిక కిలోల బస్తాలు మూడు, పైన ఆరు కిలోలు. నాలుగో బస్తా కూడా ఖాళీ అయిందంటే కొలగ్లాసు మారిందేమో చూడండి.

మార్గశిర గురువారాలు చాలా ఒడియా ఇళ్లలో లక్ష్మీపూజ, నీచు ముట్టరు. ఆ రోజు గుడ్ల కూర పెట్టకండి.

కొత్తగా చేరిన తమ్ముళ్ల చేత పార్టీ ఖర్చు బలవంతంగా పెట్టించడం 2009 యూజీసీ నిబంధనల ప్రకారం ర్యాగింగే. 'మన ఆచారం' అనే మాట అక్కడ చెల్లదు.