పుడమి శునకము మీద

మా కుక్క చిన్నోడు పోయి నలభై రోజులు దాటింది. రెండేళ్లు కూడా నిండలేదు వాడికి.

పొద్దున ఏడున్నరకు మా వరండా గ్రిల్లులోంచి ఎండ పడుతుంది. గడప దగ్గర మొదలై మెల్లగా చెప్పుల స్టాండు దాకా జరుగుతుంది. చిన్నోడు ఆ ఎండతోపాటే జరిగేవాడు. కళ్లు తెరవకుండా, పడుకున్నవాడు పడుకున్నట్టే మూరెడు పాకి మళ్లీ ఎండలోకి చేరేవాడు. పొట్ట నేలకు ఆనించి, వెనక కాళ్లు రెండూ కప్పలా చాపేవాడు. ఎండ గోడ ఎక్కాక లేచి ఒళ్లు విరుచుకుని, అప్పుడు అన్నం గిన్నె వైపు చూసేవాడు.

చైత్రం చివర్లో రెండు రోజులు ఆ గిన్నె ముట్టలేదు. తిరుపతి ఎండల సంగతి తెలిసిందే. ఎండదెబ్బ అనుకున్నాను. మజ్జిగ పట్టాను, తడిగుడ్డ కప్పాను. మూడో రోజు ముక్కులోంచి రక్తం కారేసరికి ఆసుపత్రికి ఎత్తుకెళ్లాను. డాక్టరు వాడి పెదవి పైకెత్తి చూపించారు. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరమట, ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. మొదట్లోనే పట్టుకుంటే నెల రోజుల మాత్రలతో చాలావాటికి తగ్గిపోతుంది. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో రోజూ వెతకాలి. నేను వెతకలేదు. ఇది చదివేవాళ్ల ఇంట్లో కుక్క ఉంటే దయచేసి ఈ రోజే చూడండి.

చంద్రగిరి దగ్గర మామయ్య తోటలో మామిడిచెట్టు కింద పూడ్చిపెట్టాం. ఇంటికొచ్చి స్నానం చేసి దీపం పెట్టబోతూ ఆగాను. "పెట్టొచ్చా అమ్మా, మైల ఉంటుందా?" అని అడిగాను. "కుక్కకు మైలేంది నాయనా" అంది అమ్మ. అని, తను కూడా పెట్టలేదు.

ఓదార్చడానికి వచ్చినవాళ్లు చాలామంది ధర్మరాజు కథ చెప్పారు. స్వర్గం వాకిట్లో ఇంద్రుడు కుక్కను వదిలి రమ్మంటే, నమ్ముకున్నదాన్ని వదలడం బ్రహ్మహత్యతో సమానమని ఆయన కదలలేదు. ఎన్నిసార్లు విన్నా కళ్లు చెమర్చే మాట. కానీ చివరికి ఆ కుక్క కుక్క కాదు, సాక్షాత్తూ ధర్మదేవత. దత్తాత్రేయుడి పాదాల దగ్గరున్న నాలుగు కుక్కలు నాలుగు వేదాలంటారు. మన శ్రీకాళహస్తిలో సాలెపురుగు, పాము, ఏనుగు పూజ చేసి మోక్షం పొందాయి. మా చిన్నోడు వేదమూ కాదు, ధర్మమూ కాదు. ఏ లింగానికీ పత్రి వేయలేదు. గంట మోగితే కొబ్బరిముక్క కోసం వచ్చి కూర్చునేవాడు, అంతే. ఉత్త కుక్క. ఉత్త కుక్కకు స్వామి దగ్గర చోటుందా అన్నదే నన్ను తొలిచిన ప్రశ్న.

వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలకు పొద్దుటి వాహనం చూడటానికి వెళ్లాను. నిజానికి అమ్మ బలవంతాన పంపింది. వాహనానికి ముందు ఏనుగు వస్తోంది. వీపున కప్పిన పట్టు మీద ఎండ మెరుస్తోంది. ఈ పక్క పూలకొట్టు ముందు, నీళ్లు చల్లిన నేల మీద ఓ వీధికుక్క పొట్ట ఆనించి పడుకుని ఉంది, వెనక కాళ్లు కప్పలా చాపి. చిన్నప్పటి నుంచి అర్థం పట్టించుకోకుండా పాడిన చరణం అప్పుడు గుర్తొచ్చింది.

"కడగి యేనుగు మీద గాయు యెండొకటే
పుడమి శునకము మీద బొలయు నెండొకటే"

అన్నమయ్య (1408–1503) 'బ్రహ్మమొకటే' అంటూ పాడిన కీర్తనలోది. గీత అయిదో అధ్యాయంలోనూ గోవు, ఏనుగు, కుక్క ఒకే శ్లోకంలో ఉన్నాయి. పండితులు వాటిని సమంగా చూస్తారని అక్కడి మాట. అది చూసేవాడి గొప్పతనం. అన్నమయ్య చరణంలో చూసేవాడు కూడా లేడు. ఎండ పడుతోంది, అంతే. ఆ కుక్క మారువేషంలో వచ్చిన దేవుడు కాదు. ఏ పూజా చేయలేదు, ఏ పరీక్షా నెగ్గలేదు. పుడమి మీద పడుకుని ఉంది. ఏనుగుకు 'కాయు' అన్న ఎండ, కుక్క దగ్గరికి వచ్చేసరికి 'పొలయు' అయింది. పరుచుకోవడం, మెల్లగా కదలాడడం ఆ మాటలో ఉన్నాయి. ప్రాస కోసం వేసిన 'పుడమి' కూడా నాకు ప్రాసలా వినబడలేదు. పొద్దున పూట వరండాలో పొట్ట ఆనించుకున్న నేల అది. ఇప్పుడు మామిడిచెట్టు కింద వాణ్ణి కప్పుకున్నదీ అదే.

ఆ వెంటనే వచ్చే పాదం నేను ఎన్నడూ నా గురించి అనుకోలేదు. "కడు పుణ్యులను పాపకర్ములను సరిగావ" శ్రీవేంకటేశ్వరుని నామమొకటే అంటాడు. రోగాన్ని ఎండ అనుకుని రెండు రోజులు పోగొట్టినవాణ్ణి నేను. పుణ్యుల వరసలో నిలబడే ధైర్యం లేదు. నిలబడక్కర్లేదట. కుక్క మీద ఎండ, పాపి మీద నామం, ఒకే చరణంలో పక్కపక్కన పెట్టాడు ఆయన. ఆ రోజు మాడవీధిలో "గోవిందా" అని అందరూ అరుస్తుంటే, నలభై ఏళ్ల మగవాణ్ణి, జనం మధ్య నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను. పక్కనున్న పెద్దాయన భక్తి అనుకుని భుజం తట్టారు. కాదని చెప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడు శనివారం దీపం పెట్టాక అమ్మా నేనూ ఆ చరణం పాడుతున్నాం. ఏనుగు దాకా బాగానే వస్తుంది. 'పుడమి శునకము' దగ్గర నా గొంతు ఆగిపోతుంది. అమ్మ అందుకుని పూర్తి చేస్తుంది.