కిరణ్‌లో, ఇన్‌స్ట్రక్టర్ పక్కన

గాల్లో విమానంతో పల్టీలు కొట్టే ఏరోబాటిక్స్‌ని కిరణ్ అనే వైమానిక దళ శిక్షణ జెట్ మీద నేర్చుకోవడం మన బ్యాచ్ అదృష్టమని ఇప్పటికీ అంటాను. 2013లో దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి వచ్చిన శిక్షణ విమానం పిలాటస్ కూడా మంచిదే, కాదనను. కానీ అందులో ఇన్‌స్ట్రక్టర్ వెనక సీట్లో ఉంటారు. కిరణ్‌లో మన కుడిపక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గర. మన చూపు ఎటుందో, విమానాన్ని నడిపే స్టిక్ మీద చెయ్యి ఎంత బిగుసుకుందో ఆయనకి ఇట్టే తెలిసిపోయేది.

లూప్‌కి, అంటే గాల్లో నిలువుగా ఒక పూర్తి చుట్టు తిరగడానికి, ముందు చేసే చెక్స్ గుర్తున్నాయా? ఎత్తు చాలినంత ఉందా, పట్టీలు బిగించామా, జేబులో పెన్సిల్‌తో సహా వదులుగా ఏదీ లేదు కదా, ఇంజిన్ గేజ్‌లు ఎలా ఉన్నాయి, కింద ఊరేదీ లేదు కదా. ఆఖరున ఒక మలుపు తిరిగి చుట్టూ, కిందా వేరే విమానం లేదని చూసుకోవాలి. ఆ చూడటంలో తొందరపడితే మా సర్ లూప్ మొదలుపెట్టనిచ్చేవారు కాదు.

ముక్కు దించి వేగం అందుకుని స్టిక్ లాగుతాం. 4 జీ దగ్గర, అంటే గురుత్వాకర్షణకి నాలుగు రెట్ల ఒత్తిడిలో, తల, హెల్మెట్, చెయ్యి అన్నీ నాలుగింతల బరువు. రక్తం కిందికి దిగిపోతుంటే ముందు రంగులు వెలిసిపోతాయి, ఆపైన చూపు అంచుల నుంచి ముడుచుకుంటూ వస్తుంది. కాళ్లు, పొట్ట బిగబట్టి తట్టుకోవాలి. ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ ఉండదు. అప్పుడే సర్ గొంతు వినిపించేది: "తల వెనక్కి వాల్చు, హొరైజన్ పట్టుకో." నేలా ఆకాశం కలిసే ఆ గీతతో పాటే తలకిందులైన నేల, తల మీది గాజు కప్పు కానోపీ పైనుంచి దిగివచ్చేది. అక్కడ వేగం బాగా పడిపోతుంది, ఇంకా అదే బలంతో లాగితే విమానం వణుకుతుంది. పట్టు సడలించాలి. ఆ చోట సర్ మాటతో చెప్పేవారు కాదు, రెండు వేళ్లతో నా మణికట్టు మీద తట్టేవారు.

లూప్ పూర్తయ్యే చోట ఒక చిన్న కుదుపు తగిలితే, అది మన విమానమే ఇందాక వదిలి వెళ్లిన గాలి సుడి. మొదలుపెట్టిన చోటికే సరిగ్గా తిరిగొచ్చామనడానికి అంతకు మించిన సర్టిఫికెట్ లేదు!

బ్యారెల్ రోల్, అంటే ముందుకి వెళ్తూనే పీపా లోపలి గోడ వెంట తిరిగినట్టు వేసే చుట్టు, ఎడమకి బాగానే వచ్చేది. కుడివైపు తిరిగేటప్పుడు మాత్రం హొరైజన్ మీద గుర్తు పెట్టుకున్న చోటుకి సర్ హెల్మెట్ అడ్డం. ఒంటరిగా సోలోకి వెళ్లిన రోజు ఆ సీటు ఖాళీ, పట్టీలు కట్టేసి ఉన్నాయి. కుడి రోల్ అంత శుభ్రంగా అంతకుముందెప్పుడూ రాలేదు. దిగాక ఆయనతో అదే చెప్పాను. "సరే, రేపు పక్కన కూర్చుని చూస్తా" అన్నారు.