మా పీహెచ్‌సీకి సోలార్ పెట్టించుకున్న తీరు

ములుగు జిల్లాలో ఏటూరునాగారం వైపు అడవి మధ్యన ఉంటుంది మా పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. నేనక్కడ ఫార్మసిస్టును. మాకు కరెంటు లేదని కాదు. గాలివాన వస్తే పోతుంది, పోయిందంటే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. లైను పొడుగునా చెట్లే. ఏ చెట్టు తీగల మీద పడ్డదో వెతుక్కుంటూ లైన్‌మన్ నడిచిపోవాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో ఒక్క గాలికే వేల చెట్లు నేలకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. సోలార్ మాట మేం గట్టిగా ఎత్తింది దాని తర్వాతే.

ఎవర్నడిగినా "ఎన్ని కిలోవాట్లు కావాలె?" అనేవాళ్లు. మా డాక్టరమ్మ మాత్రం "రాత్రి రెండింటికి కరెంటు పోతే ఏమేం ఆగొద్దో ముందు అది రాయన్నా" అన్నది. తర్వాత జరిగిన ప్రతి వాదనలో ఆ కాగితమే మా చేతిలో ఉంది.

అందరికీ ముందు గుర్తొచ్చేది టీకాల ఫ్రిజ్, దాన్ని మేం ఐఎల్ఆర్ అంటాం. కానీ అది అంత తొందరగా వేడెక్కే రకం కాదు. దాని గోడల లోపల నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. మూత ఊరికే తెరవకపోతే, రోజుకు ఎనిమిది గంటల కరెంటుతోనే 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలబెడుతుంది. మరీ ఆలస్యమైతే కోల్డ్ బాక్సులో ఐస్‌ప్యాకులు పెట్టి టీకాలను పక్క పీహెచ్‌సీకి తరలిస్తాం. (ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకును వెంటనే పెట్టకూడదు, పెంటావాలెంట్ లాంటి టీకా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి.) కాన్పు గదికి ఈ వెసులుబాటు ఏదీ లేదు. సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే కుట్లు వేయొచ్చేమో గానీ, దాంతో బిడ్డ నోట్లోని ఉమ్మనీరు లాగే సక్షన్ మిషను నడవదు, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మరూ నడవదు.

అందుకే కాగితంలో కాన్పు గది మొదట ఎక్కింది. ఎల్ఈడీ లైట్లు, కరెంటు తక్కువ తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, సక్షన్, వార్మర్, ఆ తర్వాత ఐఎల్ఆర్. పరికరాలను ఆవిరితో శుభ్రం చేసే ఆటోక్లేవ్ ఒక్కటే రెండు కిలోవాట్లు లాగుతుంది, దాన్ని కాగితంలోంచి కొట్టేశాం. రాత్రిపూట పన్నెండు గంటల వాడకానికి లెక్క వేస్తే మూడు యూనిట్ల పైచిలుకు తేలింది. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు పెడితే ఏడు యూనిట్లు నిలువ ఉంటాయి. అందులో సగమే వాడుకోవాలి, లేకుంటే వాటి ఆయుష్షు తగ్గుతుంది. ఇక మా ఎండలకు కిలోవాటుకు రోజూ సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. మొగులు పట్టిన రోజులు, పగటి వాడకం కలుపుకొని మూడు కిలోవాట్లు అనుకున్నాం.

మొదట వచ్చిన కాంట్రాక్టరు ఆన్-గ్రిడ్, అంటే బ్యాటరీలు లేకుండా కరెంటు లైనుకే కలిపేది పెట్టించుకోమన్నాడు. చవక, బిల్లు తగ్గుతది అన్నాడు. "మరి కరెంటు పోతే?" అన్నాను. "అప్పుడు ఇది కూడా బందయితది సార్" అన్నాడు తాపీగా. అందులో అతని మోసమేం లేదు. మన ప్యానెళ్ల కరెంటు తీగల్లోకి పోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు, అందుకని ఆ ఇన్వర్టరు తనంతట తనే ఆగిపోతుంది. బిల్లు భారమనుకునేవాళ్లకు అది మంచిదే, మాకు కావాల్సింది వేరు. పీఎం సూర్యఘర్ పథకానికి దరఖాస్తు పెట్టుకోమని ఒకరు సలహా ఇచ్చారు. అది ఇళ్లకే. చివరికి బ్యాటరీలున్న హైబ్రిడ్ ఖాయం చేశాం. డబ్బు ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల్లోంచి వచ్చింది. ఫైలు తిరిగిన కథ వద్దులెండి, అందరికీ తెలిసిందే.

ప్యానెళ్లు దక్షిణం చూడాలి, మా అక్షాంశానికి సుమారు 18 డిగ్రీల వాలు. అయితే మూడు దాటితే ఇప్పచెట్టు నీడ స్లాబు మీదికి వస్తుంది. ఒక్క ప్యానెల్‌పై నీడ పడినా వరసంతా మందగిస్తుంది. కొమ్మలు కొట్టేద్దామన్నాడు కాంట్రాక్టరు. "మేం పువ్వు ఏరుకునే చెట్టు బిడ్డా, చెయ్యి పెట్టనియ్యం" అన్నది ఓపీకి వచ్చిన ఒక ముసలవ్వ. స్టాండును నీళ్ల ట్యాంకు పక్కకు జరిపించాం. వైర్లు కోతులు పీకకుండా ఇనుప పైపుల్లో వేయించాం.

గొడవంతా వైరింగ్ దగ్గరే. ఎలక్ట్రీషియన్ ఇన్వర్టరును బిల్డింగు మెయిన్‌కే కలిపేస్తానన్నాడు, పని సులువు కదా. అలా చేస్తే సాయంత్రానికే ఎవరో ఒకరు హీటరు పెడతారు, అర్ధరాత్రికి కాన్పు గదిలో చీకటి. కాగితం చూపించి వేరే బోర్డు పెట్టించాం, ఆ లైను సాకెట్లకు ఎర్ర రంగు పూయించాం. "క్వార్టర్స్‌కు ఒక్క ఫ్యాను లైనన్నా ఇయ్యరాదూ" అని మావాళ్లే కొన్నాళ్లు అలిగారు. డాక్టరమ్మ తన క్వార్టరుకు కూడా వద్దంది, ఇక ఎవరూ అడగలేదు.

వెంకటాపురం, వాజేడు దాటితే ఛత్తీస్‌గఢ్. అక్కడ క్రెడా అనే ప్రభుత్వ సంస్థ వందల పీహెచ్‌సీలకు సోలార్ పెట్టింది. సరిహద్దు అవతల పనిచేసే ఒకాయన్ని అడిగితే, "ప్యానెళ్ల గురించి రంది పెట్టుకోకండి, బ్యాటరీలు ఎవరు చూస్తారో రాయించుకోండి" అన్నాడు. ఐదేళ్ల మెయింటెనెన్స్ ఒప్పందంలో పెట్టించాం. ప్యానెళ్ల దుమ్ము వాచ్‌మన్ పొద్దుగాల, ఎండ ఎక్కకముందే కడుగుతాడు. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ చూసే పని నాది, రిజిస్టరు కూడా పెట్టాను.

ఐదారేళ్లకు బ్యాటరీలు మార్చాల్సిందే. దానికి మా బడ్జెట్‌లో పద్దు లేదు. ఏటా కొంత పక్కన పెట్టాలని ఆసుపత్రి అభివృద్ధి సంఘం మీటింగులో అడిగాం. మినిట్స్‌లో రాశారు, డబ్బు మాత్రం ఇంకా పక్కన పెట్టలేదు. వచ్చే మీటింగులో మళ్లీ అడగాలి.