ఎర్ర దారం నుంచి లేబులు దాకా

బరంపురంలో అప్పడాల వ్యాపారం మొదలుపెట్టిన మా అత్తగారు పొట్లం మీద పేరేమీ వేసేవారు కారు. ఎర్ర దారం ముడి చూసే అది మా సరుకని కొనేవారు గుర్తుపట్టేవారు. ఇచ్ఛాపురం కొట్లకు సరఫరా పెరిగాక, మరెవరో అదే దారం కట్టి ఇంగువ వాసనైనా లేని అప్పడాలు అమ్మడంతో, తిట్లు మాత్రం మాకు వచ్చాయి. దారం ఎవరి సొత్తని వాదించగలం?

తెలుగు, ఒడియా లిపులు రెండింటిలోనూ పేరు రాయించి, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద దరఖాస్తు చేశాము. నమోదైతే రక్షణ 10 ఏళ్లు ఉంటుంది, ఆపై పునరుద్ధరించుకోవచ్చు. నమోదు కాకముందే పేరు పక్కన వృత్తంలో ‘ఆర్’ అక్షరం ముద్రించడం చట్టవిరుద్ధమని ఏజెంటు ఆపకపోతే, అచ్చుకు సిద్ధమైన సంచులన్నీ వృథా అయ్యేవి.

అత్తగారి పట్టుదల వల్ల ఎర్ర ముడి ఇప్పుడు లేబులు మీద బొమ్మగా ఉంది.